టెన్షన్ తిప్పాలా, సూది మార్చాలా? బొంత కుట్టేటప్పుడు దారం తెగితే ఏది మేలు

బొంత సగానికి వచ్చింది. మూడు పొరలూ చుట్టచుట్టుకుని మిషను మెడ కింద ఇరుక్కుని ఉన్నాయి. టప్ మని పైదారం తెగింది. మళ్లీ ఎక్కించాను. పది కుట్లు పడ్డాయో లేదో మళ్లీ తెగింది. చెయ్యి దానంతటదే, పైదారం బిగువును పెంచి తగ్గించే టెన్షన్ డయల్ మీదికి పోయింది. నాలుగు మీదున్నదాన్ని మూడుకు దించాను, తర్వాత రెండుకు, చివరికి ఒకటికి. తెగడమైతే తగ్గింది. సంతోషంగా ఓ గంట కుట్టుకుని బొంత తిరగేసి చూద్దును కదా, అస్తరు వైపు పైదారమంతా ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతోంది. ఆ గంట కుట్టు విప్పడానికి మర్నాడు సగం పూట పట్టింది. తీరా చూస్తే, లావు దారానికి 11 నంబరు సూది పెట్టుకుని కూర్చున్నాను.

అప్పట్నుంచీ నాదొకటే పద్ధతి: ముందు సూది, ఆఖర్న టెన్షన్. ఈ వరస తిరగబడే సందర్భాలూ ఉన్నాయి, వాటి సంగతీ చెప్తాను.

ముందు తెగిన కొసను చూడండి

ఏదీ ముట్టుకోకముందు ఆ కొసను వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. పోగులు విడిపోయి, పీచు లేచి, ఒక పోగు వెనక్కి ముడుచుకుపోయి సూది బెజ్జం పైన చిన్న గొంగళిపురుగులా ఉందా? అంటే దారం ఒక్కసారిగా తెగలేదు, ఎక్కడో రాసుకుని రాసుకుని అరిగి తెగింది. అప్పుడు అనుమానం సూది మీదకే పోవాలి. కొస నున్నగా, కత్తిరించినట్టు ఉంటే ఎక్కడో పట్టేసి లాగినట్టు లెక్క. రీలు దగ్గరో, దారాన్ని మధ్యలో పట్టి బిగించే టెన్షన్ డిస్కుల దగ్గరో చూడాలి. ఈ రెండు రకాల కొసలకూ ఒకే మందు వేయబోతేనే రాత్రంతా గడిచిపోతుంది.

సూది బెజ్జం దగ్గర దారం అంత నలగడానికి కారణముంది. ఒక్కో కుట్టుకు ఖర్చయ్యే దారం కొన్ని మిల్లీమీటర్లే. కానీ ఆ కుట్టు పడాలంటే కింద తిరిగే హుక్ (కొక్కెం) పైదారాన్ని పట్టుకుని, కిందిదారం చుట్టి ఉండే బాబిన్ చుట్టూ తిప్పాలి, దానికి చాలా పొడుగు దారం కిందికి దిగాలి. తిరిగిన వెంటనే పైనున్న లివర్ దాన్నంతా మళ్లీ పైకి లాగేస్తుంది. అలా ఒకే ముక్క గుడ్డలో కుదురుకునేలోగా బెజ్జంలోంచి పదుల సార్లు కిందికీ పైకీ పోయి వస్తుంది. బెజ్జం అంచున కంటికి కనపడనంత గీత ఉన్నా, ఇన్నిసార్లు రాసుకుంటే ఏ దారమైనా ఎంతసేపని ఓర్చుకుంటుంది?

సూదా, టెన్షనా

సూది మార్చడానికి రెండు నిమిషాలు. మార్చినా ఉపయోగం లేకపోతే నష్టమేమీ లేదు, పాత కుట్టుకూ కొత్త కుట్టుకూ తేడా కనపడదు. టెన్షన్ అలా కాదు. సగం బొంత అయ్యాక డయల్ తిప్పితే అక్కణ్నుంచి కుట్టు రూపమే మారిపోతుంది. పైగా సూది మొద్దుబారి తెగుతున్న దారానికి టెన్షన్ వదులు చేస్తే జబ్బు కాసేపు దాక్కుంటుంది, అంతే. నాకు జరిగింది అదే.

సూది సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. సూదిని మిషనులోంచి తీసి, కుట్టబోయే దారాన్నే ఓ మూర పొడుగు తీసుకుని ఎక్కించండి. దారం రెండు కొసలూ రెండు చేతులతో బిగించి పట్టుకుని, ఒక చెయ్యి పైకెత్తి ఏటవాలుగా ఉంచండి. సూది దానంతటదే జారుకుంటూ కిందికి పోతే బెజ్జం సరిపోయినట్టే. మధ్యలో ఆగి, కుదిపితేగానీ కదలకపోతే ఆ దారానికి ఆ సూది చిన్నది. నా 11 నంబరు సూది దారం మధ్యలో మేకులా నిలబడిపోయింది. 14 నంబరు సూది చప్పున జారింది.

ఇక సూదుల్లో ఏది? మామూలు యూనివర్సల్ సూది, క్విల్టింగ్ సూది, టాప్‌స్టిచ్ సూది, ఈ మూడింటి మధ్యే చర్చంతా. క్విల్టింగ్ సూది మొన సన్నగా సాగి ఉంటుంది, మూడు పొరల్లోంచి నలగకుండా దిగుతుంది. సన్న నూలు దారంతో తిన్నటి గీతలు కుట్టేవాళ్లకు అది చాలు. దారం తెగడమే బాధ అయితే మాత్రం నా ఓటు టాప్‌స్టిచ్‌కే. దాని బెజ్జం పొడుగ్గా, పెద్దగా ఉంటుంది, ముందు వైపు గాడి లోతుగా ఉంటుంది. సూది గుడ్డలోకి దిగేటప్పుడు దారం ఆ గాడిలో దాక్కుంటుంది. గాడి చాలకపోతే దారం బయటికి ఉబ్బి, గుడ్డకూ సూదికీ మధ్య నలుగుతుంది. యూనివర్సల్ సూది పని చెయ్యదని కాదు గానీ, లావు దారానికి అది నా మూడో ఎంపిక.

నంబరు విషయానికొస్తే 14 దగ్గర మొదలుపెట్టండి. ప్యాకెట్ మీద 90/14 అని ఉంటుంది, 90 అంటే సూది మందం 0.9 మిల్లీమీటర్లని. 16కు పోతే దారానికి ఇంకా సుఖమే కానీ నేత ఒత్తుగా ఉన్న గుడ్డలో రంధ్రాలు తేలి కనపడతాయి. అలాంటి గుడ్డకైతే సూది పెంచకుండా దారమే సన్నది చేసుకోవడం మేలు. కొత్త సూది పెట్టేటప్పుడు చదునుగా ఉన్న వైపు సరైన దిక్కుకు తిరిగిందా, పైదాకా పూర్తిగా దూరిందా అన్నది చూసుకోండి. వెంట్రుకవాసి కిందికి ఉన్నా హుక్‌తో పొంతన కుదరదు.

ఎప్పుడు టెన్షన్ గెలుస్తుంది

కొస నున్నగా తెగి, సూది కొత్తదై ఉంటే అప్పుడు టెన్షన్ వైపు చూడాలి. అయినా డయల్ తిప్పడానికి ముందు మొత్తం దారం తీసేసి మళ్లీ ఎక్కించండి, గుడ్డను అదిమిపట్టే ఫుట్ పైకెత్తి ఎక్కించండి. ఫుట్ ఎత్తితే డిస్కులు విచ్చుకుంటాయి, దించితే మూసుకుంటాయి. ఫుట్ దించి ఉండగా దారం ఎక్కిస్తే అది డిస్కుల మధ్యకు పోకుండా అంచు మీదే ఉండిపోతుంది. అప్పుడు పైన టెన్షనే ఉండదు, కిందేమో దారం పిచ్చుక గూడులా పోగుపడుతుంది. ఆ గూటిలో చిక్కుకుని దారం తెగితే, టెన్షన్ ఎక్కువైందనుకుని ఇంకా వదులు చేసేవాళ్లు ఎందరో.

పరీక్ష సులువే. సూదికి ఎక్కించక ముందు దారాన్ని చేత్తో లాగండి. ఫుట్ ఎత్తి ఉంటే హాయిగా రావాలి, దించితే గట్టిగా పట్టాలి. రెండిటికీ తేడా తెలియకపోతే దారం డిస్కుల్లో లేదు, లేదా లోపల నూలు పొట్టు పేరుకుంది. ఇవన్నీ సరిగ్గా ఉండి, గుడ్డ పై భాగాన కిందిదారం చుక్కలు చుక్కలుగా పైకి తేలి కనిపిస్తుంటే, అప్పుడు నిజంగానే పైటెన్షన్ ఎక్కువైనట్టు. గుడ్డను చేతులతోనే ఎటు కావాలంటే అటు జరుపుతూ కుట్టే ఫ్రీ మోషన్ కుట్టుకు మామూలు కుట్టుకన్నా కాస్త వదులుగా పెట్టుకోవడం చాలామందికి అలవాటే. ఒకేసారి అరనంబరు మించి తిప్పకండి. ప్రతిసారీ అవే గుడ్డలు, అదే దూది పొర పెట్టిన ముక్క మీద రెండు వైపులా చూసుకుని గానీ బొంత మీదికి రాకండి. బాబిన్ కేసు స్క్రూ జోలికి మాత్రం చివరికి గానీ పోవద్దు, పోయినా ముందు దాని గాడి ఎటుందో గుర్తు పెట్టుకోవాలి.

నూలు దారమా, పాలిస్టరా

తెగడం ఒక్కటే చూస్తే పాలిస్టర్‌దే పైచేయి. బలం ఎక్కువ, పొట్టు తక్కువ, వేగానికి తట్టుకుంటుంది. కానీ అది సాగుతుంది. బిగువుగా కుట్టేస్తే తర్వాత వెనక్కి ముడుచుకుని గుడ్డను మడతలు పెడుతుంది, కాబట్టి దానికి టెన్షన్ కొంచెం తక్కువే ఉండాలి. నూలు దారం మెరుపు లేకుండా గుడ్డలో కలిసిపోతుంది, నాకు ఆ రూపే ఇష్టం. పొడుగు పీచు పత్తితో తీసినదైతే తెగడం పెద్ద బెడద కాదు. పొట్టి పీచు చవక దారంతో బొంత మొదలుపెట్టడం కన్నా మొదలుపెట్టకపోవడమే నయం.

ఏళ్ల తరబడి డబ్బాలో ఉన్న నూలు రీలు మీద ప్రేమ వదులుకోండి. ఓ మూర దారం తీసి రెండు చేతుల మధ్య చటుక్కున లాగి చూడండి. చప్పుడు లేకుండా తెగితే అది చేతి కుట్టు టాకాలకే. అలాగే చేత్తో బొంత కుట్టడానికని మైనం పట్టించినట్టు నిగనిగలాడే దారం వస్తుంది, దాన్ని మిషనుకు ఎక్కించకూడదు. ఆ పూత డిస్కుల్లో అంటుకుంటుంది.

దారం నంబర్ల దగ్గర కొత్తవాళ్లు తికమకపడతారు. సూదికి నంబరు పెరిగితే లావు, దారానికి నంబరు పెరిగితే సన్నం. దారం లెక్క ప్రకారం 40 అంటే కిలో దారం 40 కిలోమీటర్లు వస్తుందని, 50 అంటే 50 కిలోమీటర్లు వస్తుందని. పైన 40, బాబిన్‌లో 50 లేదా 60 వేస్తే కింద దారం బరువు తగ్గి బిగుతు సర్దుబాటు తేలికవుతుంది.

మెరుపు జరీలాంటి మెటాలిక్ దారం సంగతి వేరే. దాన్ని పైన వేసి తిప్పలు పడాలా, బాబిన్‌లో చుట్టి బొంతను తిరగేసి కుట్టాలా అని అడిగితే, నేను రెండోదానికే ఓటేస్తాను. బాబిన్ దారం సూది బెజ్జంలోంచి వెళ్లదు కదా, దాని బాధ అంతా అక్కడే తప్పిపోతుంది. డిజైన్ అస్తరు వైపు గీసుకోవాల్సి వస్తుంది, అంతే తేడా.

రీలు పడుకోవాలా, నిలబడాలా

చాలామంది పట్టించుకోని చోటు ఇది. రీలు మీద దారం గట్లు గట్లుగా ఒకదాని పక్కన ఒకటి సమానంగా చుట్టి ఉంటే దాన్ని నిలువు కడ్డీకి వేయాలి, రీలు తిరుగుతూ దారం పక్క నుంచి వస్తుంది. ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా చుట్టినదైతే పడుకోబెట్టాలి, కొస వైపు నుంచి దారం జారుతుంది. తారుమారు చేస్తే దారం మెలికలు పడుతుంది. పడుకోబెట్టినప్పుడు ముందు పెట్టే మూత రీలు కంటే కొంచెం పెద్దదిగా ఉండాలి, లేకపోతే దారం రీలు అంచున ఉన్న గాటులో చిక్కుకుంటుంది. నున్నగా తెగిన కొసల్లో కొన్నింటికి కారణం ఆ గాటే. పెద్ద కోన్ అయితే మిషను వెనకాల స్టాండ్ మీద పెట్టి పై నుంచి దించడమే సుఖం.

చేతుల వేగమా, మోటారు వేగమా

ఫ్రీ మోషన్‌లో గుడ్డను జరిపే కింది పళ్లు దించేస్తాం కాబట్టి గుడ్డ జరగడం పూర్తిగా మన చేతుల్లో ఉంటుంది. సూది గుడ్డలో దిగి ఉండగానే చేతులు ముందుకు లాగేస్తే సూది వంగుతుంది, సూది దిగే రంధ్రమున్న ప్లేటుకో హుక్‌కో తగులుతుంది, దారం తెగుతుంది. కొన్నిసార్లు సూదే తెగుతుంది. చేతులు నెమ్మది చేయడమా, పెడల్ ఇంకాస్త నొక్కడమా అంటే రెండూ సమానంగా కలిసే దగ్గర నిలబడటమే కావాలి, అది చెవికి తెలుస్తుంది. మోటారు ఒకే శ్రుతిలో మోగుతుండాలి. వంపుల దగ్గర చేతులు తొందరపడటం అందరికీ ఉండే జబ్బు.

ఒకే దిక్కుకు కుట్టేటప్పుడే తెగుతోందా? అయితే బొంత బరువు ఎటో వేలాడుతోంది. బల్ల అంచు నుంచి కిందికి జారిన భాగం సూదిని పక్కకు లాగుతుంటుంది. పక్కన ఇంకో బల్ల వేసి ఆ బరువు దానిమీద పెట్టగానే మాయమైన సమస్యలు నేను చాలా చూశాను.

పొరలు అతకడానికి స్ప్రే గమ్ కొట్టి ఉంటే సూది మీద జిగురు పేరుకుంటుంది, స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో మధ్యమధ్య తుడిస్తే సరిపోతుంది.

అన్నీ మార్చినా తెగుతుంటే

కొత్త సూది, మంచి దారం, సరైన రీలు, వేగం కూడా బాగుంది, అయినా కొస పీచు లేస్తూనే ఉందంటే మిషనులో ఎక్కడో ఇనుము గరుకు దేరి ఉంటుంది. ఎప్పుడో సూది విరిగి తగిలిన దెబ్బ అది. కొంచెం దూది తీసుకుని ప్లేటు రంధ్రం అంచు మీద, ఫుట్ అడుగున, హుక్ మొన మీద మెల్లగా రాయండి. ఎక్కడ దూది పోగు పట్టుకుంటే అక్కడే గరుకు. నా మిషనులో ప్లేటు రంధ్రానికి ఎడమ వైపున దొరికింది. చూస్తే ఏమీ లేదు, గోరు పెట్టి లాగితే చిన్నగా తగిలింది.

అక్కడ సన్నటి ఎమరీ కాగితంతో రుద్దాలా, ప్లేటు మార్చాలా? ప్లేటైతే నేను రుద్దాను, రెండు నిమిషాల్లో గోరు తగలకుండా జారింది. రుద్దాక రాలిన పొడి మిషను లోపలికి పోకుండా ప్లేటు విప్పి బయట పెట్టుకునే రుద్దాలి. హుక్ మొన మీద గరుకుంటే మాత్రం మెకానిక్‌కే ఇస్తాను. ఆ మొన వెంట్రుకవాసి అరిగినా సూదితో దాని సమయం తప్పుతుంది, ఆ తర్వాత దారం తెగడం పోయి కుట్లు పడటమే మానేస్తాయి.