అక్వేరియంలో ప్లాస్టిక్ మొక్కలా, అసలు మొక్కలా? మన బోరు నీళ్లకు ఏది మేలు

నల్గొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా ట్యాంక్ కొంటే రంగురాళ్లతో పాటు రెండు మూడు ప్లాస్టిక్ మొక్కలు కూడా ఇంటికొస్తాయి. కొన్నాళ్లకు వాటిని తీసేసి అసలు మొక్కలు పెడదామా అనిపిస్తుంది. పెట్టడమే మంచిదంటాను. కాకపోతే ఫొటోలు చూసి కాదు, మన నీళ్లను, మన ఎండలను చూసి మొక్కను ఎంచుకోవాలి.

ప్లాస్టిక్‌కు లైటు అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, ఎలాంటి నీళ్లైనా పరవాలేదు. పాకుడు పడితే తీసి రుద్ది మళ్లీ పెట్టేయొచ్చు. అయితే కొన్నింటి అంచులు గట్టిగా, పదునుగా ఉంటాయి. బెట్టా లాంటి పొడవు రెక్కల చేప వాటి మధ్య తిరిగితే రెక్కలు చిరుగుతాయి. పల్చటి నైలాన్ గుడ్డను ఆకుల మీదుగా లాగి చూడండి. పోగు పట్టుకుంటే ఆ మొక్కను ట్యాంక్‌లో ఉంచొద్దు.

అసలు మొక్కల బలం నీళ్లలో తెలుస్తుంది. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను, నైట్రేట్‌ను అవి పీల్చుకుంటాయి. ప్లాస్టిక్ ఆ పని చేయలేదు. అలాగని ఫిల్టర్ తీసేయకండి, నీళ్లు మార్చడం మానకండి.

ఇక మన బోరు నీళ్లు. ఇక్కడ చాలాచోట్ల నీటిలో కాల్షియం, బైకార్బొనేట్ ఎక్కువ, అద్దం మీద తెల్లటి గీత పడేది అందుకే. కొన్ని సున్నితమైన మొక్కలు ఇందులో సరిగా పెరగవు. రిబ్బన్ లాంటి పొడవాటి ఆకులుండే వాలిస్నేరియా మొక్కకు మాత్రం ఈ నీళ్లు బాగా పడతాయి. కార్బన్ డయాక్సైడ్ తక్కువైతే అది బైకార్బొనేట్ నుంచే కార్బన్ తీసుకుంటుంది. అప్పుడు ఆకు మీద తెల్లటి పొర కడుతుంది, వేలితో రుద్దితే సన్న ఇసుకలా గరగరలాడుతుంది. అది తెగులు కాదు, సున్నం. నీళ్లు బాగా ఉప్పగా ఉంటే నల్లా నీళ్లు కలపండి, ముందు క్లోరిన్ పోగొట్టి. ఆర్వో నీళ్లు మాత్రమే పోయడం సరికాదు, అందులో ఖనిజాలు దాదాపు ఉండవు.

అనుబియాస్, జావా ఫెర్న్ అనే మొక్కలకు తక్కువ లైటు చాలు. వాటి అడ్డంగా పాకే లావు కాండాన్ని రాళ్లలో పూడ్చితే కుళ్లిపోతుంది. రాయికో కట్టెకో దారంతో కట్టండి. జావా ఫెర్న్ ఆకు వెనక వరుసగా నల్లటి చుక్కలు కనిపిస్తే కంగారుపడి కోసేయకండి, అవి దాని సిద్ధబీజాల (స్పోర్ల) గుంపులు.

ప్లాస్టిక్ గెలిచేది ఎండాకాలం రాత్రుల్లో. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా కరిగేది, 32 డిగ్రీలకు 7 చిల్లరకు పడుతుంది. పైగా చీకట్లో మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి. మొక్కలు దట్టంగా ఉంటే రాత్రంతా ఎయిర్ పంప్ నడవాలి. కరెంటు పోతుందన్న టెన్షన్ ఉంటే బ్యాటరీ పంపు ఒకటి దగ్గర పెట్టుకోండి.

మార్చేటప్పుడు అంతా ఒక్కరోజే మార్చొద్దు. పాత రాళ్లు, ఫిల్టర్ అలాగే ఉంచి సగం ప్లాస్టిక్ తీసి ఆ చోట మొక్కలు పెట్టండి. లైటు రోజుకు ఆరేడు గంటలు చాలు. మొదట్లో పాత ఆకులు కరిగినట్టై ఊడిపోవచ్చు. వేరు గట్టిగా, కొత్త చిగురు పచ్చగా ఉంటే మొక్క నిలదొక్కుకున్నట్టే. చెరువులో నాచు ఉచితంగా దొరుకుతుంది కదా అని తెచ్చి వేయకండి. దాంతో తూనీగ పిల్లపురుగులు వస్తే చేపపిల్లలను తినేస్తాయి.

గోల్డ్‌ఫిష్ ఉన్న ట్యాంక్ సంగతి వేరు. మెత్తటి ఆకులను అవి కొరికేస్తాయి, వేర్లు పెకిలించేస్తాయి. అక్కడ గట్టి ఆకుల అనుబియాస్ రాయికి కట్టి పెట్టండి, మిగతా చోట పదును లేని ప్లాస్టిక్‌నే ఉంచండి.