చార్టా, రుచి పాఠమా: చిన్న తరగతుల్లో తిండి గురించి ఎలా చెబితే మేలు?

ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చెప్పే టీచర్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. వారానికి ఒక పీరియడ్ దొరికింది, చేతిలో ఐదారు వారాలున్నాయి. పోషకాల చార్టు పెట్టి చెప్పాలా, కూరగాయలు తెచ్చి రుచి చూపించాలా, మొక్కలు వేయించాలా, తిన్నవాళ్లకు స్టార్లు ఇవ్వాలా? నాలుగింటికీ బడిలో చోటుంది. ఉన్న కాస్త సమయం దేనికి ఎక్కువ ఇవ్వాలో తేల్చడానికి మాత్రం నేను ఒకటే లెక్క చూస్తాను: ఆ పద్ధతిలో ఒక్కో పిల్లవాడి నాలుకకు ఒకే కూరగాయ ఎన్నిసార్లు తగులుతుంది?

కొత్త తిండిని చూసి వెనక్కి జరగడం రెండేళ్ల నుంచి ఆరేళ్ల మధ్య బాగా ఎక్కువ. ఆ తర్వాత మెల్లగా తగ్గుతుంది. ఒకటో తరగతికి వచ్చే పిల్లల్లో అది ఇంకా గట్టిగానే ఉంటుంది. ఆ బెరుకు తీరాలంటే ఎనిమిది నుంచి పదిహేను సార్లు రుచి చూడాల్సి రావచ్చు. పెద్దవాళ్లేమో రెండు మూడు సార్లకే "వీడికి ఇది పడదు" అని తేల్చేస్తారు. క్యారెట్‌లో ఏ విటమిన్ ఉందో పరీక్షలో సరిగ్గా రాసిన పిల్లే మధ్యాహ్నం పళ్లెంలో క్యారెట్ ముక్కల్ని పక్కకు నెట్టడానికి కారణం ఇదే. ఆమెకు తెలియక కాదు, నాలుకకు అలవాటు కాక.

ముందు చార్టు సంగతి. నాలుగు, ఐదు తరగతులకు ఇది పనికొస్తుంది, ఒకటి రెండు తరగతులకు చాలా తక్కువ. ఏడేళ్ల లోపు పిల్లలకు కంటికి కనబడనిది మనసుకు పట్టదు. మాంసకృత్తులు, పిండిపదార్థాలు అనే మాటలు వాళ్లకు వట్టి పేర్లే. చార్టు వాడేట్టయితే పిరమిడ్ బొమ్మ వద్దు, పళ్లెం బొమ్మ వాడండి. అమెరికా వ్యవసాయ శాఖ 1992లో తెచ్చిన పిరమిడ్‌లో కొవ్వులు, తీపి పదార్థాలు శిఖరాన ఉండేవి. అన్నిటికంటే పైన ఉన్నదే గొప్పదని అనుకునే వయసు పిల్లలది. 2011లో ఆ శాఖే పళ్లెం బొమ్మకు మారింది. సగం పళ్లెం కూరగాయలు, పండ్లు ఉండాలన్న సంగతి చూడగానే అర్థమవుతుంది, ఇంటికెళ్లి తన పళ్లెంతో పోల్చుకోవచ్చు.

చార్టు పాఠంలో తరచూ జరిగే పొరపాటు ఇంకోటుంది: "మంచి తిండి, చెడ్డ తిండి" అని రెండు గడులు గీయడం. ఇంటి నుంచి ఏం పెట్టి పంపాలన్నది పిల్లల చేతిలో ఉండదు. తన డబ్బాలో ఉన్నది "చెడ్డ" గడిలో కనబడిన పిల్లవాడు మూత సగమే తీసి తింటాడు, లేదా తినకుండా దాచేస్తాడు. "రోజూ తినేవి, అప్పుడప్పుడు తినేవి" అంటే విషయం చేరుతుంది, ఎవరి మనసూ నొచ్చుకోదు. అలాగే క్లాసులో బరువు తూచడం, కాలరీలు లెక్కపెట్టే హోంవర్కు ఇవ్వడం ఈ వయసులో అస్సలు వద్దు. తన ఒంటి మీద తనకే చిన్నచూపు మొదలయ్యేది అక్కడే.

పెద్ద తరగతులకు లేబుల్ చదవడం మాత్రం తప్పక నేర్పండి. నాలుగు గ్రాముల చక్కెర అంటే సుమారు ఒక టీస్పూను. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో దాదాపు 35 గ్రాములు ఉంటుంది. పిల్లల చేతనే గాజు గ్లాసులోకి ఒక్కో చెంచా పోయిస్తే తొమ్మిది దగ్గర ఆగుతుంది. టీచరు మనసులో పెట్టుకోవాల్సిన కొలత ఇది: చేర్చిన చక్కెర, పండ్ల రసాల్లోని చక్కెర కలిపి రోజంతా తిండి నుంచి వచ్చే శక్తిలో పది శాతం దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకు 1600 కిలోకాలరీలు తినే పిల్లవాడికి అది 40 గ్రాములు, అంటే పది చెంచాలు. ఒక్క డబ్బాతోనే దాదాపు నిండిపోతుంది.

ఇక రుచి పాఠం. నా మొగ్గు ఇటువైపే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. దీనికి పూర్తి పీరియడ్ అక్కర్లేదు. వారానికి ఒకసారి నలభై నిమిషాలు చేసేకంటే వారానికి రెండుసార్లు పదేసి నిమిషాలు మేలు. ఐదు వారాల్లో పదిసార్లు అవుతుంది, మనకు కావాల్సిన లెక్కకు సరిపోతుంది. ఈ ఐదు వారాలూ ఒకటే కూరగాయ, మహా అయితే రెండు. వారానికొక కొత్తది తెస్తే క్లాసు సందడిగా ఉంటుంది కానీ దేనికీ అలవాటు పడరు. మొదటి నాలుగైదు సార్లు ముక్క తీరు కూడా మార్చకండి. ఉడికించినది, తురిమినది, పచ్చిది పెద్దవాళ్లకే ఒకటి, పిల్లలకు మూడు వేర్వేరు వస్తువులు.

ఒక్కొక్కరికి బొటనవేలి గోరంత ముక్క చాలు, సుమారు ఐదు గ్రాములు. ముప్ఫై మందికి 150 గ్రాములు, అంటే రెండు మూడు మధ్యరకం క్యారెట్లు. పెద్ద ముక్క చూడగానే పిల్లలు బిగుసుకుపోతారు. గట్టి కూరగాయల్ని గుండ్రటి బిళ్లల్లా కోయకండి, గొంతులో అడ్డం పడే ప్రమాదముంది. సన్నగా పుల్లల్లా కోసి నాలుగైదు నిమిషాలు ఆవిరి మీద పెట్టండి. అందరూ కూర్చునే తినాలి. ఎవరికి ఏ తిండి పడదో, అలర్జీలు ఏమున్నాయో తల్లిదండ్రుల నుంచి ముందే రాయించి తీసుకోండి. ఆ కాగితాలు రాకుండా పాఠం మొదలుపెట్టొద్దు.

వేళ భోజనానికి ముందు అయితే మంచిది, కడుపులో ఆకలి ఉంటుంది. చేతులు కడుక్కున్నాక వరస ఇది: చూడటం, వేళ్లతో నొక్కడం, వాసన చూడటం, నాలుక కొన ఆనించడం, కొరకడం. ఎవరైనా ఏ మెట్టు దగ్గరైనా ఆగిపోవచ్చు. నచ్చకపోతే ఉమ్మేయడానికి ఒక కాగితం ముక్క చేతిలో ఉండాలి. ఇది ఉంటేనే బెరుకు పిల్లలు నోట పెట్టే ధైర్యం చేస్తారు. "బాగుందా?" అని అడగకండి. అడిగితే "లేదు" అనే జవాబు వస్తుంది, ఒకసారి నలుగురిలో అన్నాక పిల్లవాడు ఆ మాట మీదే నిలబడతాడు. "కరకరలాడిందా, మెత్తగా ఉందా? ముందు తియ్యగా తగిలిందా, చివర్లో చేదు వచ్చిందా?" అని అడగండి.

ఈ పాఠం చెడేది ఎక్కువగా ఒక్క "ఛీ"తో. మొదట కొరికినవాడు ముఖం చిట్లిస్తే పక్క బెంచీలన్నీ అటే పోతాయి. అందుకే ఒకటి, రెండు, మూడు అని అందరూ ఒకేసారి నోట పెట్టుకోవాలి, అందరూ మింగడమో ఉమ్మడమో అయ్యాకే మాటలు. టీచరు కూడా వాళ్లతో పాటు తినాలి. తినకుండా నిలబడి చూస్తే పిల్లలు ఇట్టే కనిపెడతారు.

మొక్కల పెంపకం నాకు ఎంతో ఇష్టమైన పని, పిల్లలు తాము పెంచినది ఆశగా కొరికి చూస్తారు కూడా. లెక్క దగ్గరే అది వెనకబడుతుంది: నెల రోజుల శ్రమకు ఒక కోత, అంటే ఒకటి రెండు రుచులు. కాబట్టి రుచి పాఠానికి తోడుగా పెట్టుకోవాలి, బదులుగా కాదు. చిన్న రకం ముల్లంగి వేయండి, 25 నుంచి 30 రోజుల్లో చేతికొస్తుంది. టొమాటో విత్తనం నుంచి పండు దాకా మూడు నెలలు పడుతుంది, ఈలోగా పిల్లల ఆసక్తి పోతుంది. ముల్లంగి గింజ సెంటీమీటరు లోతు చాలు. మొలకలు రెండాకులు వేశాక మధ్యవి పీకేసి నాలుగైదు సెంటీమీటర్ల ఎడం ఉంచాలి. జాలిపడి పీకకపోతే ఆకులే పెరుగుతాయి, దుంప ఊరదు. సెలవుల్లో నీళ్లెవరు పోస్తారో గింజ వేయకముందే తేల్చుకోండి.

వంట పాఠం ఐదారుగురు పిల్లలకు పెద్దవాళ్లు ఒకరు తోడున్నప్పుడే పెట్టుకోండి. వీడియోలు, ఆటల యాప్‌లు చార్టు కోవలోకే వస్తాయి, వాటిలో నాలుకకు ఏదీ తగలదు.

స్టార్ల పట్టిక పళ్లు తోముకోవడానికి, చేతులు కడుక్కోవడానికి పనిచేస్తుంది. తిండి విషయంలో జాగ్రత్త. రుచి చూసినందుకు చిన్న స్టిక్కర్ ఇస్తే మొదట్లో బెరుకు పిల్లలు కదులుతారు, అంతవరకు సరే. పళ్లెం ఖాళీ చేసినందుకు ఇవ్వకండి. "ఇది తింటే చాక్లెట్ ఇస్తా" అని అసలే అనకండి. కూరగాయ శిక్షలా, చాక్లెట్ వరంలా పిల్లల మనసులో కుదురుకుంటుంది.

చేతుల శుభ్రతలోనూ ఇలాంటి ఎంపిక ఒకటుంది. నీళ్ల మీద మిరియాల పొడి చల్లి సబ్బు వేలు ముంచితే పొడి పక్కకు పరుగెడుతుంది, పిల్లలు కేరింతలు కొడతారు. అది నీటి పైపొర బిగువు (తలతన్యత) మారడం వల్ల జరిగేది. పిల్లలకు మాత్రం సబ్బు తాకితే చాలు క్రిములు పారిపోతాయన్న తప్పుడు భావన మిగులుతుంది. దానికంటే అరచేతుల్లో కొద్దిగా నూనె రాసి దాల్చినచెక్క పొడి చల్లండి. ముందు వట్టి నీళ్లతో కడిగించండి, పొడి పోదు. తర్వాత సబ్బుతో ఇరవై సెకన్లు రుద్దించండి. గోళ్ల కింద, వేళ్ల సందుల్లో, బొటనవేలి వెనక ఇంకా మిగిలినది వాళ్లే చూసి మళ్లీ రుద్దుకుంటారు.

ఇంటికి పంపే చీటీలో రెండే వాక్యాలు రాయండి: ఈ వారం ఏ కూరగాయ, ఎన్నోసారి. దాన్నే ఒక చిన్న ముక్క పళ్లెంలో పెట్టి, తిన్నా తినకపోయినా ఏమీ అనకుండా ఊరుకోమని తల్లిదండ్రుల్ని కోరండి. వారానికి రెండుసార్లు ఇంట్లోనూ అలా పెడితే, ఐదు వారాలకు పదిసార్లు ఇరవై అవుతాయి.