ఎండోమెట్రియోసిస్ నొప్పికి వేడినీళ్ల బ్యాగా, టెన్స్ మెషీనా?

ఎండోమెట్రియోసిస్ అంటే గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం దాని బయట పెరిగే జబ్బు. టెన్స్ అంటే చర్మం మీంచి చిన్న కరెంటు పంపే మెషీన్. రాత్రి ఇంట్లో ఉన్నప్పుడైతే నా ఓటు వేడినీళ్ల బ్యాగుకే. ఖర్చు తక్కువ, బిగుసుకున్న కండరాలు వదులవుతాయి, కాకపోతే రోజూ గంటల తరబడి పెట్టుకుంటే చర్మం మీద వలలాంటి గోధుమరంగు మచ్చలు పడతాయి, గుడ్డ చుట్టి కాసేపే పెట్టుకోండి.

ఆఫీసులో బ్యాగు పట్టుకు కూర్చోలేం కదా! అక్కడ టెన్స్ నయం. పొత్తికడుపు మీదో నడుము మీదో ప్యాడ్లు అంటిస్తే చిన్న కరెంటు చిమచిమలు వస్తాయి, ఆ స్పర్శ నొప్పి సంకేతాలను వెన్నుపాములోనే కొంత అడ్డుకుంటుందన్నది 1965లో నొప్పి పరిశోధకులు మెల్జాక్, వాల్ చెప్పిన సిద్ధాంతం మీద ఆధారపడిన మాట. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడక్కుండా వాడొద్దు.

ఈ రెండిట్లో ఏదీ లోపలి జబ్బును తగ్గించదు. ఈ జబ్బుకు 2022 నాటి యూరప్ వైద్య మార్గదర్శకాలు ఎలక్ట్రోథెరపీని (టెన్స్ లాంటి కరెంటు చికిత్సను) ప్రత్యేకంగా సిఫారసు చేయలేదు, కాబట్టి మాత్రలు మానేసి మెషీన్ కొనమనేవాళ్లను నేనైతే నమ్మను.