చలికాలంలో ఒక్కరోజు: అలంపూరా, ధర్మపురా?

డిసెంబరు వచ్చిందంటే మా చుట్టాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయాలి, నది ఉండాలి, పాత గుళ్లుండాలి. అలంపూర్ మేలా, ధర్మపురి మేలా? హైదరాబాద్ నుంచి రెండూ రెండొందల పైచిలుకు కిలోమీటర్లే కాబట్టి దూరం లెక్కలోకి రాదు. నేను చూసేది ఒక్కటే: మిట్టమధ్యాహ్నం అక్కడ ఏం చేస్తాం?

ఆరింటికి బయల్దేరి, దారిలో టిఫిన్ చేసి చేరేసరికి పదిన్నర అవుతుంది. సాయంత్రం ఆరయితే చీకటి. అంటే ఊళ్లో మనకు దక్కేది మధ్యాహ్నమే. సరిగ్గా అప్పుడే ధర్మపురిలో నరసింహస్వామి గుడి మూసేస్తారు. పోయినేడు మేం కరీంనగర్ దాటాక ట్రాక్టర్ల వెనక ఇరుక్కుని, తలుపులు వేశాక చేరాం. మళ్లీ తెరిచేదాకా పిల్లలు నా ప్రాణం తీశారు.

అలంపూర్‌లోనూ జోగులాంబ గుడి మధ్యాహ్నం మూస్తారు. కానీ నవబ్రహ్మ ఆలయాల మధ్య తిరుగుతూ ఉండొచ్చు. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టినవి. పేర్లు బ్రహ్మవి, లోపలున్నది శివుడు. స్వర్గబ్రహ్మ గోడలు చూడటానికే గంట పడుతుంది. మే నెలలో ఆ బండల మీద ఒట్టికాళ్లతో నాలుగడుగులు వేయలేం. పుష్యమాసంలో అవే పన్నెండింటికి గోరువెచ్చగా ఉంటాయి. పైగా చలికాలం సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, ఆ ఏటవాలు ఎండలో దక్షిణపు గోడల మీది శిల్పాలు తేలి కనిపిస్తాయి. ఓపికుంటే పాపనాశి గుళ్లు, కూడవెల్లి సంగమేశ్వరం కూడా చూడండి. శ్రీశైలం డ్యామ్ ముంపు నుంచి తప్పించి, రాళ్లు విప్పి తెచ్చి మళ్లీ పేర్చిన గుళ్లవి.

అలంపూర్‌కు లోటు నదే. ముంపు రాకుండా కట్టిన గోడ ఊరికి అడ్డం. తుంగభద్ర కనపడాలంటే దాని మీదికెక్కాలి. ధర్మపురిలో మెట్లు దిగితే గోదావరి కాళ్లకు తగులుతుంది. అమ్మతో వెళ్లేటట్టయితే నేనూ అటే వెళ్తాను. ఆమెకు స్నానం చేసి దీపం వదిలితే చాలు, శిల్పాలతో పనిలేదు. ధర్మపురి చూసినవాళ్లకు యమపురి లేదంటారు, యముడికి అక్కడ గుడి కూడా ఉంది. కాకపోతే ఐదింటికే బయల్దేరండి, ముక్కోటి రోజు మాత్రం వద్దు.

గోదావరి ఒడ్డునే ఉన్న మంథని కూడా బాగుంటుంది గానీ పిల్లలకు తోచదు. కాళేశ్వరం రాత్రి ఉండేవాళ్లకే.

మిగతా అందరికీ నేను అలంపూరే చెప్తాను. పులిహోర కట్టుకెళ్లండి, చెట్టు కింద తినొచ్చు. నాలుగున్నరకల్లా లేస్తే తిరుగుదారిలో బీచుపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున పొద్దుగుంకడం చూడొచ్చు. నది సరిగ్గా చూడలేదన్న వెలితి అక్కడ తీరుతుంది.