మిక్సర్ కుళాయిలో వేడి చాలకపోతే: సర్దుబాటు, కార్ట్రిడ్జ్ మార్పు, కొత్త కుళాయి, ఏది మేలు?

స్నానాల గదిలోని మిక్సర్ పిడిని వేడి వైపు చివరిదాకా తిప్పినా గోరువెచ్చని నీళ్లే వస్తుంటే, తప్పు గీజర్‌దా కుళాయిదా అన్నది ముందు తేల్చుకోవాలి. అదే గీజర్ మీద ఉన్న మరో కుళాయిలో నీళ్లు బాగా వేడిగా వస్తుంటే లోపం మిక్సర్‌లోనో, దానికి వచ్చే గొట్టంలోనో ఉన్నట్టే.

మూడు మార్గాల్లో సర్దుబాటు, శుభ్రత అన్నదానికే నా మొగ్గు. ఒంటి పిడి మిక్సర్లలో చాలావాటికి, ఒళ్లు కాలకుండా పిడిని వేడి వైపు ఒక హద్దులో ఆపే ప్లాస్టిక్ రింగు ఉంటుంది. పిడి ఊడదీసి ఆ రింగును ఒకటి రెండు పళ్లు జరిపితే వేడి పెరుగుతుంది. నీళ్ల వేడిని తమంతట తామే ఒకే స్థాయిలో ఉంచే థర్మోస్టాట్ మిక్సర్లలో పిడి సాధారణంగా 38 డిగ్రీల దగ్గర ఆగుతుంది, అక్కడున్న బొత్తాం నొక్కితేనే ముందుకు కదులుతుంది (ఈ సంగతి తెలియక ప్లంబర్‌ను పిలిచేవారూ ఉంటారు). రింగు సరిగానే ఉంటే వేడినీళ్ల వైపు జల్లెడ, స్టాప్ వాల్వ్ చూడాలి. 60 డిగ్రీల నీళ్లు, 20 డిగ్రీల నీళ్లు సమపాళ్లలో కలిస్తే 40 డిగ్రీలు వస్తుంది. సున్నం పేరుకుని వేడినీళ్లు చన్నీళ్లలో సగమే వస్తే అది 33కి పడిపోతుంది. అయితే 60 డిగ్రీల నీళ్లు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాల్చగలవు కాబట్టి, రింగు జరిపాక థర్మామీటరుతో కొలిచి, కుళాయి దగ్గర 49 డిగ్రీలు మించకుండా చూసుకోవాలి.

ఇవన్నీ చేసినా మార్పు లేకపోతేనే కార్ట్రిడ్జ్, అంటే పిడి కింద ఉండి వేడినీళ్లనూ చన్నీళ్లనూ కలిపే లోపలి భాగం, మార్చాలి. థర్మోస్టాట్ రకంలో వేడికి వ్యాకోచించే మైనపు భాగం కాలక్రమేణా మందగిస్తుంది. మామూలు రకంలో పింగాణీ బిళ్లలు అరిగి చన్నీళ్లు వేడి గొట్టంలోకి దాటవచ్చు, అప్పుడు మిగతా కుళాయిల్లోనూ వేడి తగ్గి, తప్పంతా గీజర్‌దే అనిపిస్తుంది. ఈ మిక్సర్‌కు వచ్చే చన్నీళ్ల వాల్వ్ కట్టేయగానే మిగతా కుళాయిల్లో వేడి తిరిగి వస్తే, నీళ్లు దాటుతున్నది ఇక్కడే. కొత్త కార్ట్రిడ్జ్ కొనేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకెళ్లడం మంచిది, ఎందుకంటే 35, 40 మిల్లీమీటర్ల కొలతలు కలిసినా అడుగున రంధ్రాల అమరిక కలవకపోవచ్చు.

మొత్తం కుళాయి మార్చడం, విడి భాగాలు దొరకనప్పుడో లోహం తుప్పుపట్టి పాడైనప్పుడో మాత్రమే సమంజసం. గోడలో దాచిన మిక్సర్ అయితే టైల్స్ పగలగొట్టాల్సి రావచ్చు. పైగా వేడినీళ్లు మిద్దె మీది ట్యాంకు నుంచి మెల్లగా, చన్నీళ్లు పంపు నుంచి ఉధృతంగా వస్తున్న ఇంట్లో కొత్త కుళాయీ గోరువెచ్చని నీళ్లే ఇస్తుంది. అక్కడ చన్నీళ్ల వైపు పీడనం తగ్గించే వాల్వ్ బిగించడం కుళాయి మార్చడం కన్నా మేలు.