డల్లాస్ నుంచి యెల్లోస్టోన్ దాకా చేతి సీబీ రేడియోతో: మిడ్‌ల్యాండ్ 75-822 ఎలా ఉంది?

ముందే చెప్పేస్తాను. ఈ రేడియోని డబ్బాలోంచి తీసి, దానితో వచ్చిన పొట్టి రబ్బరు యాంటెన్నాతోనే కారులో కూర్చుని ట్రక్కర్లతో మాట్లాడేద్దాం అనుకుంటే కొనకండి. కారు పైన అయస్కాంతంతో నిలబడే యాంటెన్నా ఇంకొకటి విడిగా కొని దీనికి తగిలించుకునే ఓపిక ఉంటే మాత్రం నిశ్చింతగా కొనుక్కోండి. ఈ ఒక్క ముక్క నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే మొదటి రెండు రోజుల ప్రయాణం వృథా అయ్యేది కాదు.

మేము, మా ఫ్రెండ్ వాళ్ళ కుటుంబం కలిసి మే చివర్లో రెండు కార్లలో బయల్దేరాం. అమరిల్లో, రటోన్ పాస్, డెన్వర్, అక్కడినుంచి లారమీ, రాలిన్స్ మీదుగా యెల్లోస్టోన్‌కి. అంతకుముందు ఒకసారి ఇదే దారిలో వెళ్ళినప్పుడు రాలిన్స్ దాటాక ఫోన్ సిగ్నల్ పోయి, వెనక కారు ఎక్కడుందో తెలియక గంటసేపు టెన్షన్ పడ్డాం. వయోమింగ్‌లో ఊరికీ ఊరికీ మధ్య దూరం ఎంతో అక్కడ నడిపితేగానీ తెలియదు. అందుకే ఈసారి సీబీ రేడియో తీసుకున్నాను. మాది అద్దె వ్యాన్ కాబట్టి డాష్‌బోర్డుకి బిగించే సెట్ కుదరదు, స్క్రూలు వేయలేం, బ్యాటరీ నుంచి వైరు లాగలేం, దాంతో చేతిలో పట్టుకునే సెట్టే మిగిలింది. ధర 100 డాలర్లకి అటూ ఇటూ.

సీబీ అంటే ఏంటో తెలియని వాళ్ళకి రెండు మాటలు. సీబీ అంటే సిటిజన్స్ బ్యాండ్, మామూలు జనం ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో. అమెరికాలో 1958లో ఇప్పుడున్న 27 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌ని మామూలు జనం కోసం తెరిచారు. 1973 చమురు సంక్షోభం, ఆ తర్వాత వచ్చిన 55 మైళ్ళ స్పీడ్ లిమిట్ రోజుల్లో ఏ బంకులో డీజిల్ దొరుకుతుందో, ఎక్కడ పోలీసులున్నారో ట్రక్కర్లు ఒకరికొకరు దీనిలోనే చెప్పుకునేవాళ్ళు. 1983 నుంచి లైసెన్స్ కూడా అక్కర్లేదు. మొత్తం 40 ఛానెళ్ళు, మామూలు ఏఎంలో 4 వాట్ల పవర్. ట్రక్కర్లు ఉండేది 19వ ఛానెల్‌లో, అత్యవసరానికి కేటాయించినది 9. 2021 నుంచి ఎఫ్ఎం కూడా అనుమతించారు, కానీ హైవే మీద వినపడేదంతా ఏఎంలోనే, కాబట్టి నా సెట్ ఏఎం మాత్రమే అన్న లోటు నాకెక్కడా అనిపించలేదు.

ఇక అసలు విషయం యాంటెన్నా. 27 మెగాహెర్ట్జ్ అంటే తరంగం పొడవు 11 మీటర్లు. దానికి సరిపడే పావు తరంగం యాంటెన్నా 9 అడుగుల దాకా ఉండాలి. రేడియో మీద వచ్చే రబ్బరు యాంటెన్నా అడుగు కూడా ఉండదు. పైగా మనం కూర్చునేది ఇనప డబ్బా లాంటి కారు లోపల, ఆ కాస్త సిగ్నల్‌ని కూడా కారు శరీరమే అడ్డుకుంటుంది. ఇది ఈ కంపెనీ తప్పు కాదు, ఏ చేతి సీబీ అయినా ఇంతే. రబ్బరు యాంటెన్నాతో మా ఫ్రెండ్ కారు అర మైలు ముందుకి వెళ్తే "అన్నా, ఏమీ వినపడట్లేదు" అని ఫోన్ వచ్చేది. పక్కనుంచి దాటే ట్రక్కుల మాటలు మధ్యలో మొదలై మధ్యలోనే ఆగిపోయేవి.

ఈ సెట్‌ని నేను ఎంచుకోవడానికి కారణం దీనితో వచ్చే కారు అడాప్టర్. వెనక బ్యాటరీ ప్యాక్ లాగేసి, అదే చోట అడాప్టర్ జరిపితే, సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి కరెంటు వస్తుంది, అడాప్టర్‌కే బయటి యాంటెన్నా కేబుల్ తగిలించుకోవచ్చు. అప్పుడు చేతిలో ఉన్నది మైకులా అయిపోతుంది, అసలు పని పైన ఉన్న యాంటెన్నా చేస్తుంది. హోటల్‌కి వచ్చాక అడాప్టర్ తీసి బ్యాటరీ ప్యాక్ పెట్టుకుంటే మళ్ళీ చేతి రేడియో. ఇంకో కంపెనీ సెట్ చూస్తున్నా సరే, బయటి యాంటెన్నా తగిలించే దారి, కారు కరెంటుతో నడిచే దారి రెండూ ఉన్నాయా అన్నది ముందు చూడండి, రంగులు, లైట్లు, బటన్ల సంగతి తర్వాత.

నేను మొదట కొన్న అయస్కాంతం యాంటెన్నా చౌకరకం. ఆన్‌లైన్‌లో ఎవరో అమ్మితే తీసుకున్నా, కేబుల్ చివర కనెక్టర్ సరిగా బిగించి లేదు. డెన్వర్‌లో ఆగినప్పుడు ఎస్‌డబ్ల్యుఆర్ మీటర్ పెట్టి చూస్తే 3 దాటింది. ఎస్‌డబ్ల్యుఆర్ అంటే మనం పంపిన పవర్‌లో ఎంత యాంటెన్నా నుంచి వెనక్కి తిరిగొస్తోందో చెప్పే లెక్క. 1.5 లోపు ఉంటే హాయి, 2 దాకా ఫరవాలేదు, 3 దాటితే మైక్ బటన్ నొక్కకూడదు, రేడియో లోపలి ట్రాన్స్‌మిటర్ పాడైపోయే ప్రమాదం ఉంది. అక్కడే ట్రక్ స్టాప్‌లో 3 అడుగుల యాంటెన్నా ఇంకొకటి కొన్నాను. మీటర్ చిన్నదే, ఖరీదూ పెద్దగా ఉండదు, తప్పకుండా కొనండి. ఛానెల్ 1లో ఒకసారి, 40లో ఒకసారి చూడాలి. 40లో ఎక్కువ చూపిస్తే యాంటెన్నా పొడవు ఎక్కువైనట్టు, కొంచెం కిందికి దించాలి. 1లో ఎక్కువ చూపిస్తే పొట్టిదైనట్టు, పైకి లాగాలి. పది నిమిషాల పని. యాంటెన్నాని కారు పైకప్పు మధ్యలో పెట్టాలి, ఎందుకంటే కింద ఉన్న ఇనప రేకు కూడా యాంటెన్నాలో భాగంగానే పనిచేస్తుంది. గాజు పైకప్పు ఉన్న కార్లకీ, 2015 తర్వాతి ఫోర్డ్ ఎఫ్-150 లాంటి అల్యూమినియం బండ్లకీ అయస్కాంతం అంటుకోదు, అది ముందే చూసుకోండి.

ఆ యాంటెన్నా మారాక ఇది వేరే రేడియో అనిపించింది. చదునైన నేల మీద మా రెండు కార్ల మధ్య మూడు నాలుగు మైళ్ళ దాకా స్పష్టంగా మాట వెళ్ళింది, ట్రక్కర్ల మాటలు అంతకంటే దూరం నుంచి వచ్చాయి.

లారమీ దాటి ఐ-80 హైవే మీద పడమరకి వెళ్తున్నాం. ఎల్క్ మౌంటెన్ దగ్గరి ఆ రోడ్డు గాలికీ మంచుకీ పేరుమోసింది, చలికాలంలో తరచూ మూసేస్తారు. మే నెలాఖరు అయినా ఆ రోజు చినుకులతో పాటు మంచు కూడా పడుతోంది. నేను నడుపుతున్నాను, రేడియో ముందు సీట్లో మా మామగారి చేతిలో ఉంది. ఎదురుగా వస్తున్న ట్రక్కర్ ఒకాయన 19లో, పడమర వైపు 260వ మైలు దగ్గర బండి అడ్డం తిరిగిందని, రెండు లేన్లూ ఆగిపోయాయని చెప్పాడు. ఫోన్‌లో మ్యాప్ చూస్తే సిగ్నల్ లేక పాత పచ్చగీతే చూపిస్తోంది. మామగారికి ఆ యాస పూర్తిగా అర్థం కాలేదు గానీ "టూ సిక్స్టీ అంటున్నాడు బాబూ, ఏదో ఆగిందంటున్నాడు" అన్నారు. నేను వ్యాన్ స్పీడ్ తగ్గించి, వెనక కారుకి చెప్పి, 260వ మైలుకి ముందే వచ్చే 267వ ఎగ్జిట్ దగ్గరి వాగన్‌హౌండ్ రెస్ట్ ఏరియాలోకి తిప్పేశాను. గంటన్నర అక్కడే ఉన్నాం, పిల్లలు పులిహోర తిన్నారు, బాత్‌రూమ్ ఉంది, వెచ్చగా ఉంది. ఆ ఎగ్జిట్ దాటిపోయి ఉంటే ఆ గంటన్నరా మంచులో, వరుసలో ఇరుక్కుని ఉండేవాళ్ళం. నాకు ఈ రేడియో ఖరీదు అక్కడే గిట్టుబాటైంది.

మాట్లాడటానికి మొహమాటపడకండి. నా యాస విని ఎవరైనా వెక్కిరిస్తారేమోనని మొదట జంకాను. "బ్రేక్ వన్-నైన్ (అంటే 19లో నేనూ మాట్లాడొచ్చా అని), వెస్ట్‌బౌండ్ ఎలా ఉంది?" అని అడిగితే, మైలు మార్కర్‌తో సహా ఓపికగా చెప్పారు. ఒకసారి పంజాబీలో ఇద్దరు మాట్లాడుకోవడం కూడా విన్నాం, ఇక్కడ ట్రక్కులు నడిపే పంజాబీ వాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ మాటలు కొన్ని తెలుసుకుంటే మంచిది: గేటర్ అంటే రోడ్డు మీద పడి ఉన్న టైరు ముక్క, బేర్ అంటే పోలీసు, చికెన్ కూప్ అంటే ట్రక్కులని తూకం వేసే చోటు, హామర్ లేన్ అంటే ఎడమ లేన్. గేటర్ అన్న మాట ఒక్కటి వచ్చినా బాగా పనికొస్తుంది, చీకట్లో ఆ టైరు ముక్క మీదకి వెళ్తే బంపర్ ఊడుతుంది. అయితే 19లో బూతులు కూడా గట్టిగానే వస్తాయి. పిల్లలు మెలకువగా ఉన్నంతసేపు ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, ఈ సెట్‌కి ఆ వసతి ఉంది. స్క్వెల్చ్ అన్నది బుసబుస శబ్దాన్ని ఆపే అమరిక, దాన్ని శబ్దం సరిగ్గా ఆగే చోటే ఆపాలి, ఇంకా పెంచితే దూరపు మాటలు కూడా ఆగిపోతాయి.

వాతావరణం ఛానెళ్ళు దీనిలో బాగా పనికొచ్చాయి. ప్రభుత్వం వాళ్ళ నోవా వెదర్ ప్రసారం రోజంతా వస్తుంది, కానీ హెచ్చరికలు కౌంటీ పేర్లతో చెప్తారు, కాబట్టి రోడ్డు పక్క కౌంటీ బోర్డు కనపడగానే పేరు గుర్తుపెట్టుకునే పని మా అబ్బాయికి ఇచ్చాం.

బ్యాటరీలతో వాడితే త్వరగా అయిపోతాయి, 4 వాట్లతో మాట్లాడే ఏ చేతి సెట్‌కైనా ఇది తప్పదు. తక్కువ పవర్‌కి మార్చుకునే బటన్ ఉంది, క్యాంప్‌గ్రౌండ్‌లో అదే వాడాను. మామూలు ఆల్కలైన్ సెల్స్‌కి ఒక ప్యాక్, రీచార్జబుల్ వాటికి ఇంకో ప్యాక్ వస్తాయి, రెండింటినీ కలపకండి, ఆల్కలైన్ సెల్స్‌ని చార్జింగ్‌లో పెట్టకండి. నడిపేటప్పుడు చేత్తో పట్టుకునే వాటి మీద ఒక్కో రాష్ట్రానిది ఒక్కో నియమం, అందుకే మేము రేడియోని ఎప్పుడూ పక్క సీటు వాళ్ళకే ఇచ్చాం.

రెండు కార్ల మధ్య కబుర్లకి మాత్రమే కావాలంటే సీబీ వద్దు, జీఎంఆర్‌ఎస్ అనే ఇంకో రకం రేడియో తీసుకోండి. దాని ఫ్రీక్వెన్సీ ఎక్కువ కాబట్టి చిన్న యాంటెన్నాతోనే బాగా పనిచేస్తుంది. లైసెన్స్ 35 డాలర్లు, 10 ఏళ్ళు చెల్లుతుంది, పరీక్ష లేదు, ఒకరు తీసుకుంటే కుటుంబం అంతా వాడొచ్చు. కానీ దానిలో ట్రక్కర్లు ఉండరు, 260వ మైలు సంగతి చెప్పేవాళ్ళు ఉండరు.

మామగారు గుంటూరు తిరిగి వెళ్ళేటప్పుడు, లారీలు నడిపే వాళ్ళ తమ్ముడి కొడుకు కోసం ఇలాంటిది ఒకటి పట్టుకెళ్తానన్నారు. వద్దని చెప్పాను. మన దేశంలోనూ లైసెన్స్ లేని సీబీ బ్యాండ్ ఉంది, 5 వాట్ల దాకా, కానీ అది 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకే. అమెరికా సెట్ 27.405 దాకా వెళ్తుంది, పై ఛానెళ్ళు అక్కడ కుదరవు. పైగా మన హైవేల మీద లారీ డ్రైవర్లందరూ ఫోన్లలోనే ఉంటారు, ఇది పట్టుకుని పిలిస్తే పలికేవాళ్ళు దొరకరు. ఆయన సరేనన్నారు. మొన్న ఫోన్ చేసి, వచ్చే ఏడాది ఐ-40 మీదుగా గ్రాండ్ కాన్యన్ వెళ్దామని, అప్పటిదాకా ఆ రేడియో ఎవరికీ ఇవ్వొద్దని రెండుసార్లు చెప్పారు.