స్టోమా సంచులు కొనేవారికి హెచ్చరిక: డిశ్చార్జి రోజు తొందరలో మూడు నెలల సరుకు కొనకండి

పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయి, పొట్ట మీద స్టోమాతో (మలం బయటికి రావడానికి పేగుతో పెట్టే ద్వారంతో) ఇంటికి వస్తున్న తల్లిదండ్రుల కోసం మలం పట్టే సంచులు, వాటిని చర్మానికి పట్టి ఉంచే ప్లేట్లు కొనబోతున్న వారందరి కోసం ఇది రాస్తున్నాను. డిశ్చార్జి రోజున వార్డు దాకా వచ్చి, కొలత అడగకుండా, మూడు నెలల సరుకు ఒక్కసారే అంటగట్టే వారి దగ్గర దయచేసి కొనకండి. మేము కొన్నాం. రూ. 17,400 పోయిన సంగతి అలా ఉంచినా, ఆ సరుకు వల్ల మా నాన్నగారు పదకొండు రోజులు పడిన బాధ మరొకరి ఇంట్లో జరగకూడదని నా కోరిక.

నాన్నగారికి 68 ఏళ్లు. పెద్దపేగు మలాశయంతో కలిసే చోట గడ్డ ఉందని కొలనోస్కోపీలో తేలింది. హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆ భాగాన్ని తీసేసి, పేగు రెండు కొసలనూ కలిపి కుట్టారు. ఆ కుట్టు మానేవరకు మలం అటుగా పోకూడదు కాబట్టి, చిన్నపేగు చివరి భాగాన్ని మడతగా పొట్ట బయటికి తీసి తాత్కాలికంగా ఒక ద్వారం పెట్టారు. దీనిని ఇలియోస్టమీ అంటారు. పెద్దపేగుతో పెట్టే కొలోస్టమీకీ దీనికీ ఉన్న తేడాను కొనేవారు ముందుగా తెలుసుకోవాలి. కొలోస్టమీ నుంచి, ముఖ్యంగా పేగు ఎడమ వైపు చివరి భాగంలో పెట్టినప్పుడు, వచ్చేది కొంత గట్టిగా ఉంటుంది. ఇలియోస్టమీ నుంచి వచ్చేది పల్చగా ఉంటుంది, పగలూ రాత్రీ వస్తూనే ఉంటుంది, తిన్నదాన్ని అరిగించే రసాలు అందులో ఉంటాయి కాబట్టి చర్మానికి తగిలితే కాల్చినట్టు చేస్తుంది. మాకు సరుకు అమ్మిన మనిషి ఈ రెండింటిలో నాన్నగారికి ఏది పెట్టారని ఒక్క మాట కూడా అడగలేదు.

డిశ్చార్జి రోజున తమ్ముడు బిల్లింగు కౌంటరు దగ్గర ఇన్సూరెన్సు అనుమతి కోసం ఉదయం నుంచి నిలబడి ఉన్నాడు. అమ్మ బట్టలు సర్దుతోంది. నేను మందుల చీటీ చూస్తుండగా మెడలో ట్యాగు వేసుకున్న ఒకాయన అట్టపెట్టెతో గది తలుపు దగ్గరికి వచ్చి, నాన్నగారి పేరు పెట్టి పిలిచాడు. పేరు తెలిసిన మనిషి కదా అని ఆస్పత్రి సిబ్బంది అనుకున్నాం. ఎదుటి సందులోని సర్జికల్ షాపు మనిషని తర్వాత తెలిసింది. “ఇవి మామూలు మెడికల్ షాపుల్లో దొరకవమ్మా, మీ ఊరు వెళ్లాక ఇబ్బంది పడతారు, ఒకేసారి తీసుకుంటే తగ్గించి ఇస్తాను” అన్నాడు. సైజు సంగతి అడిగాను. “అన్నీ ఒకటే సైజు, రంధ్రం కత్తిరించుకోవడమే” అన్నాడు.

ఆ మాటలో సగం నిజం, సగం మోసం ఉన్నాయి. రెండు ముక్కల రకంలో చర్మానికి అతికేది ప్లేటు, దాని మీద నొక్కి బిగించేది సంచి. పేగు బయటికి రావడానికి ప్లేటు మధ్యలో మనం కత్తిరించుకునే రంధ్రం కొలత ఒకటి, ప్లేటుకూ సంచికీ కలిపే వలయం కొలత మరొకటి. కత్తిరించుకునే వీలు మొదటిదానికే ఉంటుంది. వలయం తయారైనది తయారైనట్టే ఉంటుంది, ప్లేటుదీ సంచిదీ ఒకే కంపెనీ, ఒకే కొలత కావాలి. మాకు ఇచ్చిన ప్లేట్ల వలయం 57 మిల్లీమీటర్లు, వాటి మీద పెట్టమని ఇచ్చిన సంచుల వలయం 60. కంపెనీలు వేరు. చేత్తో నొక్కితే అతికినట్టే ఉంటుంది, నిలబడి నాలుగు అడుగులు వేస్తే ఒక పక్కన విడిపోతుంది. ముప్పై ప్లేట్లు, నలభై సంచులు, ప్లేటు కింద సందులు పూడ్చే పేస్టు ట్యూబులు రెండు కొని, “ఎస్టిమేట్” అని అచ్చువేసిన తెల్ల చీటీ తీసుకుని మా ఊరు మిర్యాలగూడ బయలుదేరాం. ఆస్పత్రిలో అతికించి పంపిన ప్లేటు మూడో రోజు మార్చవలసి వచ్చేదాకా మాకు ఏమీ తెలియలేదు.

ఆ తర్వాత రోజూ కారడమే. సాధారణంగా ఒక ప్లేటు మూడు నాలుగు రోజులు ఉండాలి. మాకు ఒక్కోసారి పూట కూడా నిలవలేదు. అతికించడం మాకే చేతకావడం లేదని అనుకుని, పేస్టు ఇంకా ఎక్కువ రాసి, పైన టేపులు వేసి, నడుముకు గుడ్డ చుట్టాం. నాన్నగారు మాత్రం ఏమీ అనేవారు కాదు. అడిగితే “ఏం లేదమ్మా, కొంచెం తడిసింది” అనేవారు. ఒక రాత్రి రెండు గంటలకు స్నానాల గదిలో లైటు వెలగడం చూసి వెళ్లాను. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, లుంగీ అంచు నోట కరిచి పట్టుకుని, మగ్గులో నీళ్లతో తానే తుడుచుకుంటున్నారు. స్టోమా చుట్టూ అరచేయంత మేర చర్మం ఎర్రగా చెక్కుకుపోయి, కింది వైపు పచ్చిపుండై తేమ ఊరుతోంది. స్టోమా పేగుకు నొప్పి తెలియదు, దాని చుట్టూ ఉన్న చర్మానికి తెలుస్తుంది. ఆ పుండు మీదే మేము పేస్టు రాస్తూ వచ్చాం.

దానికంటే భయపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. సంచి నిండకూడదని ఆయన నాలుగు రోజులుగా అన్నం సగానికి తగ్గించి, నీళ్లు గుక్కెడు గుక్కెడు తాగుతున్నారు. ఇలియోస్టమీ ఉన్నవారికి నీళ్లతో పాటు ఉప్పు కూడా ఎక్కువగా బయటికి పోతుంది. కాబట్టి తాగడం తగ్గిస్తే ఒళ్లు త్వరగా ఎండిపోతుంది. పిక్కలు పట్టుకోవడం, లేవగానే కళ్లు తిరగడం, మూత్రం ముదురు రంగులో రావడం, ఇవన్నీ ఆయనకు మొదలయ్యాయి. తెల్లవారగానే హైదరాబాదు తీసుకువెళ్లాం. ఒక రోజంతా సెలైను పెట్టారు. సరిపోని సంచి ఇంత దూరం తెస్తుందని మాలో ఎవరమూ అనుకోలేదు.

ఆస్పత్రిలో స్టోమా పని ప్రత్యేకంగా చూసే సిస్టరు పెట్టెలన్నీ మంచం మీద పరిచి ఒక్కొక్కటీ తిప్పి చూసింది. వలయాల తేడా మొదట చెప్పింది. సంచుల్లో ఇరవై సంచులు కింది వైపు మూసి ఉన్నవే, అంటే ఖాళీ చేసే వీలు లేకుండా నిండగానే తీసి పారేసేవి. రోజుకు ఐదారుసార్లు ఖాళీ చేయవలసిన నాన్నగారికి అవి ఎందుకూ పనికిరావు. ఆ తర్వాత ప్లేట్ల పెట్టె మీద గోటితో గీకింది. తెల్ల స్టిక్కరు ఊడి వచ్చింది. దాని కింద గడువు తేదీ ఎప్పుడో దాటిపోయి ఉంది.

స్టిక్కరు ఉన్న ప్రతిదీ దొంగ సరుకు కాదని కూడా ఆమే చెప్పింది. విదేశాల నుంచి వచ్చే వాటి మీద దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధరతో ఇక్కడ స్టిక్కరు వేయడం మామూలే. కానీ ఆ స్టిక్కరు తయారీదారు అచ్చువేసిన తేదీ మీద పడకూడదు. గడువు తేదీ పక్కన ఇసుక గడియారం బొమ్మ ఉంటుంది, తయారీ తేదీ పక్కన ఫ్యాక్టరీ బొమ్మ ఉంటుంది, బ్యాచి నంబరు దగ్గర ‘లాట్’ అని ఉంటుంది. పెట్టె మీద ఉన్న లాట్ నంబరూ లోపలి సరుకు మీద ఉన్న నంబరూ ఒకటేనా అని చూడండి. ఎండ తగిలే చోట పెట్టినవి, గడువు దాటినవి అయితే ప్లేటు జిగురు పట్టు తప్పుతుంది. మేము తర్వాత వెళ్లి చూసినప్పుడు ఆ షాపులో పెట్టెలు గుమ్మం పక్కన పడమటి ఎండలో పేర్చి ఉన్నాయి.

మూడు నెలల సరుకు ఒకేసారి కొనకూడదనడానికి అసలు కారణం ఇది. ఆపరేషన్ అయిన కొత్తలో స్టోమా వాచి ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అది తగ్గి అసలు కొలతకు వస్తుంది. నాన్నగారికి మొదట 38 మిల్లీమీటర్లు ఉన్నది, ఏడో వారానికి 29కి వచ్చింది. మొదటి రోజు కొలతతో అన్నీ కత్తిరించి పెట్టుకుంటే తర్వాత చుట్టూ చర్మం బయటపడి మళ్లీ పుండవుతుంది. కత్తిరించే రంధ్రం స్టోమా కంటే రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువగా ఉండాలి. సిస్టరు పల్చటి ప్లాస్టిక్ కాగితం మీద ఆకారం గీసి ఇచ్చింది, ఎందుకంటే మడతగా తీసిన పేగు గుండ్రంగా కాక కోలగా ఉంటుంది. ఆ కాగితం ఆనించే ఇప్పటికీ కత్తిరిస్తున్నాం. మార్చేది పొద్దున ఏమీ తినకముందు. చర్మాన్ని ఉత్త నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనిస్తాం. నూనె, క్రీము, డెట్టాల్ వంటివి దగ్గరికి రానివ్వం. పుండున్న చోట స్టోమా పౌడరు చల్లి, మిగిలింది దులిపి, ప్లేటును కాసేపు అరచేతుల మధ్య వెచ్చబరిచి అతికిస్తాం. సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చేస్తాం, బరువెక్కితే అది ప్లేటును కిందికి లాగుతుంది. ఇవన్నీ మొదటి రోజే చెప్పవలసినవి. డిశ్చార్జికి ముందే “స్టోమా చూసే సిస్టరు ఎవరు, ఆవిడతో అరగంట మాట్లాడాలి” అని పట్టుబట్టి అడగండి. ఒకసారి మీ చేత్తో మార్చి చూపించాక గాని కదలకండి.

షాపుకు తమ్ముడూ నేనూ వెళ్లాం. విప్పిన పెట్టెలు వెనక్కి తీసుకోరట, విప్పనివి కూడా “మీరు ఎండలో పెట్టారేమో” అన్నారు. బిల్లు చూపించమన్నారు, మా దగ్గర ఉన్నది ఎస్టిమేటు చీటీ. దాని మీద జీఎస్టీ నంబరు లేదు, బ్యాచి నంబరు లేదు, షాపు పేరు రబ్బరు ముద్రలో సగమే పడింది. అప్పుడు అర్థమైంది ఆ తగ్గింపు దేనికో. మీరు కొనేటప్పుడు ధర వంద ఎక్కువైనా సరే, సరుకు పేరు, కొలత, లాట్ నంబరు రాసిన సరైన బిల్లు తీసుకోండి, డబ్బు ఫోను ద్వారా చెల్లించండి. మాకు చివరికి అక్కరకు వచ్చింది తమ్ముడు యూపీఐలో కట్టిన చెల్లింపు రుజువూ, సిస్టరు స్టిక్కరు ఊడదీస్తుండగా నేను తీసిన ఫొటోలూ మాత్రమే.

వాటితో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫిర్యాదు చేశాం. గడువు తేదీ మీద స్టిక్కరు వేసిన సంగతి ఔషధ నియంత్రణ అధికారులకు విడిగా రాసి ఇచ్చాం, ఎందుకంటే 2020 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం కిందికి వచ్చాయి. హెల్ప్‌లైను నుంచి కబురు వెళ్లిన తర్వాత షాపువారు రూ. 9,000 తిరిగి ఇచ్చారు. మిగిలిన దాని కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తున్నాం. ఐదు లక్షల లోపు కేసుకు అక్కడ రుసుము లేదు, కేసు వేయడానికి రెండేళ్ల గడువు ఉంటుంది.

ఇప్పుడు ఒకసారికి రెండు వారాల సరుకే తెస్తున్నాం, విప్పకముందే గుమ్మంలో నిలబడి వలయం కొలత, లాట్ నంబరు అమ్మ చదువుతుంటే నేను చీటీతో సరిచూస్తాను. పుండు మాని కొత్త చర్మం వచ్చింది. నాన్నగారు ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, ఓఆర్‌ఎస్ అడిగి తాగుతున్నారు. నిన్న సాయంత్రం చొక్కా టక్ చేసుకుని రైల్వే స్టేషన్ దాకా నడిచి వచ్చారు.